విశాఖ నుంచి కళింగపట్నం దాకా: బౌద్ధారామాలు, తీరం కలిపి మూడు రోజులు తిరగడం ఎలా

విశాఖపట్నం ఆర్కే బీచ్ దగ్గర బయల్దేరి భీమిలి చేరేసరికి రోడ్డు సుమారు 30 కిలోమీటర్లు. చాలామంది ఈ దారిని ఒక్క పూటలో ముగించేస్తారు. రుషికొండలో నీళ్లలో దిగుతారు, భీమిలిలో చేపలు తింటారు, చీకటి పడేసరికి ఊళ్లోకి వచ్చేస్తారు. కుడిచేతి వైపు సముద్రాన్నే చూస్తూ పోతారు కాబట్టి ఎడమచేతి వైపు కొండల మీద రెండువేల ఏళ్ల నాటి బౌద్ధారామాలు ఉన్నాయన్న సంగతే చాలామందికి పట్టదు. భీమిలిలో డచ్చివారి సమాధులున్నాయి. ఇంకా పైకి, శ్రీకాకుళం దాటితే వంశధార ఒడ్డున శాలిహుండం, నది సముద్రంలో కలిసే చోట కళింగపట్నం ఉన్నాయి. వీటన్నిటినీ కలిపి తీరిగ్గా తిరగాలంటే మూడు రోజులు, రెండు రాత్రులు కావాలి.

ఈ దారిలో ప్రయాణం బాగుండడం, బాగుండకపోవడం మీరు ఎక్కడికి వెళ్లారన్నదాని కంటే ఏ వేళకు వెళ్లారన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. పొద్దున్న కొండ, మధ్యాహ్నం నీడ, సాయంత్రం ఇసుక. ఈ వరస తప్పిందంటే తొట్లకొండ మీద మిట్టమధ్యాహ్నం మాడిపోతారు, ఎర్రమట్టి దిబ్బలు వెలుగు చాలక చప్పగా కనిపిస్తాయి, శ్రీకూర్మం వెళ్లేసరికి గుడి తలుపులు మూసి ఉంటాయి.

ఎప్పుడు వెళ్లాలి

నవంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరు మొదటి సగం తుపాన్ల రోజులు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖను, తిత్లీ 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం తీరాన్ని తాకాయి. ఆ నెలల్లో వెళ్లక తప్పకపోతే బస ముందే డబ్బు కట్టి బుక్ చేసుకోవద్దు, రద్దు చేసుకునే వీలున్న గది చూసుకోండి. విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం ప్రకటనలు చూస్తూ ఉండండి. రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్త వచ్చిందంటే ప్రయాణం వాయిదా వేసుకోవడమే.

డిసెంబరులో పొద్దు సాయంత్రం ఐదున్నరకే వాలిపోతుంది. ఇది తూర్పు తీరం, సూర్యుడు కుంకేది కొండల వెనక, సముద్రంలో కాదు. గోవా అలవాటుతో సూర్యాస్తమయం కోసం బీచ్ రిసార్టులో గది తీసుకునేవాళ్లు ఏటా ఎందరో. ఇక్కడ లేవాల్సింది తెల్లవారుజామున. డిసెంబరు, జనవరిలో ఆరు గంటలకల్లా ఒడ్డున ఉంటే చాలు, సూర్యోదయం దొరుకుతుంది.

కార్తీక మాసం ఆదివారాల్లో వనభోజనాల జనం, డిసెంబరులో స్కూలు పిల్లల బస్సులు ఈ రోడ్డు నిండా ఉంటాయి. మంగళవారం నుంచి గురువారం దాకా తిరిగేలా పెట్టుకుంటే బస ధర తగ్గుతుంది, కొండలు నిశ్శబ్దంగా ఉంటాయి. ఆదివారం సాయంత్రం మాత్రం రుషికొండ నుంచి ఊళ్లోకి తిరిగి రావద్దు. పది కిలోమీటర్ల దారికి గంట దాటిపోయినా ఆశ్చర్యం లేదు.

చేపల కోసమే వెళ్లేవాళ్లకు ఒక సంగతి: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో తెప్పలవాళ్లు, చిన్న పడవలవాళ్లు తెచ్చే చేపే తాజాది. వంజరం, చందువ ధర పెరుగుతుంది, హోటల్లో వడ్డించేది ఐసులో నిలవ ఉన్న సరుకు కావచ్చు. అప్పుడు వంజరం వేపుడు అడిగే బదులు, ఆ పూట ఒడ్డుకు ఏం వచ్చిందో అడిగి అదే వండించుకోవడం తెలివైన పని.

బండి ఏది

మొదటి రోజుకు సిటీ బస్సు కూడా సరిపోతుంది. రైల్వేస్టేషన్ నుంచి రుషికొండ మీదుగా తీరం వెంట భీమిలి వెళ్లేది 900కె. 999 కూడా భీమిలి వెళ్తుంది గానీ అది మధురవాడ, ఆనందపురం వైపు లోపలి దారిలో పోతుంది. భీమిలి బోర్డు చూసి అది ఎక్కేస్తే సముద్రమూ కనిపించదు, తొట్లకొండా తగలదు. ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా డబుల్ డెక్కర్ విద్యుత్ బస్సులు 2025 ఆగస్టులో మొదలయ్యాయి. పిల్లలుంటే పైఅంతస్తు ముందు సీటు కోసం ఆ బస్సే ఎక్కమంటారు.

బస్సుతో ఉన్న చిక్కు ఏమిటంటే, అది కొండ కింద దింపుతుంది. తొట్లకొండ మంగమారిపేట దగ్గర, 128 మీటర్ల ఎత్తు. పైదాకా తారు రోడ్డుంది, నడిస్తే ఎక్కడం కష్టమేమీ కాదు. కానీ బావికొండ తీరం రోడ్డుకు లోపల, తిమ్మాపురం వైపు ఉంది, అక్కడికి ఆటో మాట్లాడుకోవాలి. ఎక్కించుకునేటప్పుడే "పైన గంటసేపు ఆగాలి" అని చెప్పి రానుపోను బేరం కుదుర్చుకోండి. దింపేసి వెళ్లిపోతే తిరిగి వచ్చేందుకు పైన ఆటోలు దొరకవు.

కారు తీసుకుంటే లెక్క ఇలా వేసుకోవాలి. ఊళ్లో ట్యాక్సీలు మామూలుగా 8 గంటలు, 80 కిలోమీటర్ల ప్యాకేజీ ఇస్తారు. విశాఖ నుంచి భీమిలి వెళ్లి రావడం, మధ్యలో రెండు కొండలు ఎక్కి దిగడం కలిపి 75 నుంచి 80 కిలోమీటర్లు. అంటే ప్యాకేజీ అంచున ఉంటారు, కైలాసగిరి కూడా చేర్చారంటే దాటిపోతారు. శ్రీకాకుళం వైపు వెళ్లి అదే రోజు తిరిగి వచ్చేసేవాళ్ల లెక్క వేరు. విశాఖ నుంచి శ్రీకాకుళం సుమారు 110 కిలోమీటర్లు, అక్కడ చుట్టూ తిరిగేది 70, మళ్లీ వెనక్కి 110. మొత్తం 300కు దగ్గర. బయటి ఊళ్ల ట్యాక్సీలకు రోజుకు 250 లేదా 300 కిలోమీటర్ల కనీస లెక్క ఉంటుంది కాబట్టి ఆ రోజుకు ఆ పద్ధతిలో తీసుకుంటేనే లాభం. డ్రైవరు బత్తా, టోల్ అందులో కలిశాయో లేదో బయల్దేరకముందే తేల్చుకోండి.

మోటారు సైకిలు మీద ఈ దారి ఎంతో హాయి. సముద్రపు గాలిలో ఉప్పు చైనుకీ, బ్రేకు కేబుళ్లకీ పడుతుంది. సాయంత్రం బస చేరాక బకెట్ మంచినీళ్లతో కడిగి, చైనుకు నూనె వేసి పడుకోండి.

ఏ బండయినా ఇసుక మీదికి దింపవద్దు. పైన గట్టిగా కనిపించే ఇసుక కింద తడి, మెత్తదనం ఉంటాయి, ముందు చక్రాలు దిగాయంటే యాక్సిలరేటరు తొక్కిన కొద్దీ గొయ్యి లోతవుతుంది. దిగిపోతే ఇంజను ఆపి, చక్రాల ముందు ఇసుక చేత్తో తీసి, కాలిపట్టాలో ఎండు తాటాకులో చక్రం కింద దోపి, టైర్లలో గాలి సగం దాకా తగ్గించి, మొదటి గేరులో నెమ్మదిగా కదిలించాలి. రోడ్డెక్కగానే మళ్లీ గాలి పట్టించుకోవాలి.

గది తీసుకునేటప్పుడు

మొదటి రాత్రి రుషికొండకూ భీమిలికీ మధ్య ఎక్కడైనా, రెండో రాత్రి శ్రీకాకుళంలో ఉండడం మేలు. ఆర్కే బీచ్ ఎదురుగా హోటళ్లు బోలెడు ఉన్నా అక్కడ ఉంటే మర్నాడు పొద్దున్నే ఊళ్లోంచి బయటపడడానికే ముప్పావు గంట పోతుంది.

"సీ వ్యూ" అన్న మాటకు హోటలుకో అర్థం. బుక్ చేసేముందు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. గది కిటికీ సముద్రం వైపేనా, లేక బాల్కనీలోంచి మెడ పక్కకు తిప్పితే కనిపిస్తుందా? హోటలుకీ ఒడ్డుకీ మధ్య బీచ్ రోడ్డు అడ్డం ఉందా? చెక్ అవుట్ 24 గంటల లెక్కా, మధ్యాహ్నం 12కా? రెండో ప్రశ్న పిల్లలున్నవాళ్లు తప్పనిసరిగా అడగాలి. ఆ రోడ్డు మీద రాత్రిపూట బండ్ల వేగం ఎక్కువ.

రిసార్టుల్లో కింది అంతస్తు గదులకు తేమ పడుతుంది. పరుపు వాసన, ఏసీ లోపలి తుప్పు వెళ్లిన వెంటనే చూసుకుని, బాగా లేకపోతే సామాను విప్పకముందే గది మార్చమనండి. ఈత కొలను ఉన్న చోట గది తీసుకోవడం ఇక్కడ ఆడంబరం కాదు. ఎందుకో సముద్రం సంగతి దగ్గర తెలుస్తుంది.

మొదటి రోజు: తొట్లకొండ, బావికొండ, ఎర్రమట్టి దిబ్బలు

పొద్దున్న గేటు తీసే వేళకు తొట్లకొండ దగ్గర ఉండండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, బూట్లు తప్పనిసరి. పైన తినడానికి ఏమీ దొరకదనే అనుకుని బయల్దేరాలి. చెప్పులతో వెళ్తే పల్లేరుకాయలు గుచ్చుకుంటాయి. వానాకాలం తర్వాత గడ్డి పెరిగిన చోట పాములుంటాయి కాబట్టి కట్టడాల మధ్య వేసిన బాట మీదే నడవండి.

నౌకాదళం తన స్థావరం కోసం విమానం నుంచి సర్వే చేస్తుంటే ఈ చోటు బయటపడింది. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 దాకా తవ్వింది. శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు దొరికాయి. అంటే కింద కనిపించే ఆ సముద్రం మీద వ్యాపారం చేసినవాళ్ల దానధర్మాలు ఈ కొండ మీదికి చేరాయన్నమాట. క్రీస్తుకు ముందు రెండు మూడు శతాబ్దాల నుంచి క్రీస్తు తర్వాత రెండు మూడు శతాబ్దాల దాకా ఇక్కడ భిక్షువులు ఉన్నారు.

చూడడం తెలియకపోతే ఇది ఇటుకల కుప్పలా అనిపించి పావుగంటలో దిగిపోతారు. ఈ వరసలో చూడండి. ముందు రాతిలో తొలిచిన తొట్ల దగ్గరికి వెళ్లండి, కొండకు పేరు వచ్చింది వాటి వల్లే. కొండ మీద ఊట లేదు, వాన నీరే ఆధారం. వానాకాలమంతా భిక్షువులు ఎక్కడికీ పోకుండా ఒకచోట ఉండాలన్నది వాళ్ల నియమం. ఆ నెలల్లో నింపుకున్న నీళ్లే మిగతా ఏడాదికి. ఆ తొట్లు ఎక్కడున్నాయో చూశాక మిగతా కట్టడాలు ఎందుకు అక్కడ ఉన్నాయో దానంతటదే బోధపడుతుంది. తర్వాత చిన్న చిన్న గదుల వరసలు చూడండి, అవి విహారాలు. ఒక్కో గది ఒక మనిషి పడుకోవడానికి సరిపడేంతే. నడుమ ఖాళీ జాగాలో స్తంభాల మొదళ్లు కనిపిస్తే అది అందరూ కూడే మండపం. వంటశాల, భోజనశాల ఉన్న వైపు రాతితో కట్టిన కాలువలు గమనించండి, వాడిన నీరు ఎటు పోవాలో అప్పుడే ఆలోచించి కట్టారు.

చివరికి మహాస్తూపం. గుండ్రటి పెద్ద వేదిక అది, దాని చుట్టూ ప్రదక్షిణం చేసే దారి. పక్కన చిన్న గుండ్రటి కట్టడాలు మొక్కుబడి స్తూపాలు. ఒక చివర నేరుగా, మరో చివర అర్ధచంద్రంలా ఉన్న పునాది కనిపిస్తే అది చైత్యగృహం, అంటే పూజా మందిరం. ఇంకో సంగతి: ఇక్కడ బుద్ధుడి విగ్రహం కోసం వెతకవద్దు. తొలి రోజుల ఆరామం ఇది, పూజ అందుకున్నది స్తూపమూ, రాతి మీద చెక్కిన పాదముద్రలూ. ఈ విషయం గుర్తు పెట్టుకోండి, మూడో రోజు శాలిహుండంలో పనికొస్తుంది.

కొన్ని ఇటుకలు పాతవి, కొన్ని ఈ కాలంలో మరమ్మతు చేసినప్పుడు పెట్టినవి. పాత ఇటుక ఇప్పటి ఇటుక కంటే బాగా పెద్దది, వెడల్పాటిది, అంచులు అరిగి ఉంటాయి. గోడల మీద ఎక్కి ఫోటోలు దిగకండి. మట్టితో పేర్చిన ఇటుక ఒకటి కదిలితే తర్వాతి వానకు దాని పైవరస మొత్తం జారుతుంది.

డ్రోను తీసుకెళ్లవద్దు. ఈ తీరమంతా నౌకాదళం నిఘాలో ఉంటుంది, భీమిలి దారిలోనే వాళ్ల స్థావరం ఐఎన్‌ఎస్ కళింగ ఉంది. ఆ గోడల వైపు కెమెరా తిప్పినా ఆపి అడుగుతారు.

కొండ దిగాక మంగమారిపేట ఒడ్డున సముద్రం తొలిచిన రాతి తోరణం ఉంది. ఆటు వేళ మాత్రమే దాని దగ్గరికి నడవగలరు. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి, మర్నాటికి వేళ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పున్నమి రోజుల్లో నీరు ఎక్కువ వెనక్కి తగ్గుతుంది కాబట్టి తోరణం బాగా బయటపడుతుంది. ఫోనులో విశాఖ ఆటుపోట్ల పట్టిక చూసి, ఆటుకు గంట ముందు వెళ్లి, గంట తర్వాతికల్లా వచ్చేయండి. రాళ్ల మీద పాచి జారుతుంది, అతుక్కున్న ఆలిచిప్పలు కాలు కోస్తాయి. పట్టీ ఉన్న చెప్పులు వేసుకోవాలి. వేళ కుదరకపోతే ఒడ్డు నుంచే చూసి వదిలేయండి, దాని కోసం కొండల వేళ పాడు చేసుకోవడం అనవసరం.

బావికొండను 1982 నుంచి 1987 దాకా తవ్వారు. ఇక్కడ దొరికిన ధాతుపాత్రల్లో, అంటే దేహావశేషాలు దాచే పాత్రల్లో, ఒకదానిలో ఎముక ముక్క ఉంది, అది బుద్ధుడి ధాతువని నమ్మకం. తొట్లకొండ చూసిన కళ్లతో ఇది చూస్తే అరగంటలో మొత్తం అర్థమవుతుంది. జనం తక్కువ. తొట్లకొండలో సముద్రం ఎదురుగా ఉంటుంది, ఇక్కడ చుట్టూ కొండలే. ఒక్కటే చూడగలిగితే తొట్లకొండ. రెండూ చూడగలిగితే పది గంటలకల్లా రెండూ ముగించండి.

పదిన్నర నుంచి మూడు దాకా గదిలో ఉండండి.

మూడున్నరకు ఎర్రమట్టి దిబ్బలకు బయల్దేరాలి. ఇవి భీమిలికి కాస్త ముందే వస్తాయి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి లోపలికి తెచ్చి గుట్టలు పోసింది. ఆ ఇసుక రేణువులకు ఇనుప ఆక్సైడు పూత పట్టి ఎరుపెక్కింది. తర్వాత వాన నీరు దాన్ని కోసి లోయలు చేసింది. పొద్దు వాలే వేళకు వెలుగు పక్కనుంచి పడితేనే ఆ గట్ల మడతలు, నీడలు బయటపడతాయి.

లోపలికి దిగేముందు ప్రవేశం దగ్గర ఉన్న ఒక గుర్తు, చెట్టో స్తంభమో, చూసుకోండి. లోయలన్నీ ఒకేలా ఉంటాయి, రెండు మలుపులు తిరిగితే దిక్కు తెలియదు. వాన పడుతున్నా, ముందు రోజు గట్టి వాన పడినా దిగవద్దు, గట్లు నిలువునా విరిగి పడతాయి. అంచున నిలబడకండి, కింద నీరు తొలిచేసి ఉంటుంది. గట్లెక్కి జారడం పిల్లలకు సరదాయే గానీ ఒక్కో జారుడుకు బుట్టెడు మట్టి కిందికి వస్తుంది, అది మళ్లీ పైకి పోదు. చీకటి పడకముందే, డిసెంబరులో ఐదుంబావుకల్లా, బయటికి వచ్చేయండి.

సముద్రం సంగతి

దీన్ని విడిగా చెప్పడానికి కారణం ఉంది. రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది, శుభ్రమైన తీరం. శుభ్రమైన తీరం, క్షేమమైన తీరం ఒకటి కాదు. ఆర్కే బీచ్, రుషికొండ, యారాడ మూడింటిలోనూ మునిగి చనిపోయినవాళ్లున్నారు, వాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉన్నారు.

ప్రమాదం పెద్ద అల వల్ల రాదు. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోవాలి కదా, అది ఒక సన్నని పాయగా చేరి జోరుగా వెనక్కి లాగుతుంది. రాళ్ల గుట్టల పక్కన ఈ పాయ దాదాపు ఎప్పుడూ ఉంటుంది. దాన్ని పోల్చుకోవడం ఇలా: వరసగా అలలు విరుగుతున్న చోట మధ్యలో ఒక జాగాలో అల విరగదు, నీరు నున్నగా, ముదురు రంగులో లేదా బురదగా ఉంటుంది, నురగ లోపలికి పోతూ కనిపిస్తుంది. కొత్తవాళ్లకు అదే ప్రశాంతంగా అనిపించి సరిగ్గా అక్కడే దిగుతారు. దిగేముందు ఐదు నిమిషాలు ఒడ్డున నిలబడి చూడండి.

చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదవద్దు, ఆ జోరుకు ఎదురీదితే ఐదు నిమిషాల్లో శక్తి అయిపోతుంది. వెల్లకిలా తేలుతూ, చెయ్యి ఎత్తి పిలుస్తూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. పాయ సన్నగా ఉంటుంది, పక్కకు బయటపడ్డాక అలలే ఒడ్డుకు తోస్తాయి. ఒడ్డున ఉన్నవాళ్లు కాపాడాలని దూకవద్దు. ఖాళీ నీళ్ల డబ్బా, తాడు, ట్యూబు ఏదైనా విసిరి, రక్షకులను కేకేయండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ ఎండగా ఉన్నా ఎక్కడో దూరాన రేగిన కెరటాలు వస్తూనే ఉంటాయి, ఆ నెలల్లో పాదాలు తడుపుకుంటే చాలు. మిగతా రోజుల్లోనూ రక్షకులున్న చోట, మోకాలి లోతు దాటకుండా ఉండడమే మా సలహా. ఈత కొట్టాలని ఉంటే రిసార్టు కొలను ఉంది.

రెండో రోజు: భీమిలి, పావురాలకొండ, శ్రీకాకుళం

తెల్లవారుజామున భీమిలి ఒడ్డుకు వెళ్తే పడవలు వచ్చే వేళకు ఉంటారు. వల లాగుతుంటే తాళ్లు దాటవద్దు, ఒక్కసారిగా బిగిస్తే కాలు విరుగుతుంది. ఫోటో తీసేముందు అడగండి. చేప కొనాలంటే వేలం అయ్యేదాకా ఆగి, కొన్న ఆవిడ దగ్గర కొనండి. ధర మొదట రెట్టింపు చెప్తారు, నవ్వుతూ బేరమాడితే దిగుతారు. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బెత్తుగా ఉండాలి.

జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి వస్తాయి. కనిపిస్తే దూరంగా నిలబడండి, టార్చి, ఫోను లైటు వేయవద్దు. వెలుతురు చూస్తే గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతాయి.

భీమిలి ఊరు గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఉంది. డచ్చివారు పదిహేడో శతాబ్దంలో ఇక్కడ వర్తకం పెట్టారు, 1825లో ఊరు ఇంగ్లీషువారి చేతికి వచ్చింది, 1861లో పురపాలక సంఘం ఏర్పడింది. డచ్చి సమాధుల తోట ఒడ్డుకు దగ్గరే. సమాధుల మీది రాతలు పొద్దున్న ఎనిమిది లోపు చదవడం తేలిక, ఎండ నిలువుగా పడితే అక్షరాల నీడ పోతుంది. రాయి మీద సుద్ద రుద్దడం, నీళ్లు పోసి తుడవడం చేయవద్దు. ఒక పక్కనుంచి ఫోను లైటు ఏటవాలుగా వేస్తే చాలు. గడియారస్తంభం, పాత దీపస్తంభం కలిపి ఊరంతా గంటన్నరలో నడిచేయొచ్చు.

పావురాలకొండ భీమిలి పక్కనే, నరసింహస్వామి గుడి ఉన్న కొండ. ఇక్కడా రాతిలో తొలిచిన తొట్లున్నాయి. తవ్వి నిలబెట్టింది తక్కువ, ఎక్కడం కాస్త ఎక్కువ. పైనుంచి భీమిలి, నది, సముద్రం ఒక్క చూపులో కనిపిస్తాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మానుకోవచ్చు, పెద్దగా పోగొట్టుకునేది లేదు.

పదికల్లా టిఫిను చేసి తగరపువలస దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కండి. భోగాపురం వైపు తీరం వెంట చింతపల్లి, కోనాడ లాంటి ఒడ్డులున్నాయి, చంపావతి నది కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తుంది. తీరిక ఉంటే ఒకచోట ఆగవచ్చు. రక్షకులు లేని తీరాలు కాబట్టి నీళ్లలో దిగకండి. లేకపోతే నేరుగా శ్రీకాకుళం వెళ్లి, భోజనం చేసి, ఎండ తగ్గాక అరసవల్లి సూర్యదేవాలయానికి వెళ్లండి, ఊరికి ఆనుకునే ఉంది. మార్చి 9 నుంచి 11, అక్టోబరు 1 నుంచి 3 తేదీల ప్రాంతంలో ఉదయపు కిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. మబ్బు పడితే అంతే సంగతి, అందుకే ఒక్క రోజు కాకుండా రెండు రోజులు పెట్టుకుని వెళ్లండి. రథసప్తమికి మామూలు యాత్రికులు పోకపోవడమే మంచిది, క్యూ ఊరు దాటుతుంది.

మూడో రోజు: శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం

ఏడింటికి శ్రీకాకుళంలో బయల్దేరితే వేళ సరిపోతుంది. గుడి ముందు, కొండ తర్వాత. ఇక్కడ వరస మారడానికి కారణం గుడి మధ్యాహ్నం మూసేయడమే. శ్రీకూర్మంలో కూర్మావతారానికి పూజ, స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, అందుకని రెండు ధ్వజస్తంభాలు. చుట్టూ మండపాల గోడల మీద పాత వర్ణచిత్రాలున్నాయి. గర్భగుడి దర్శనం చేసుకుని వెళ్లిపోకుండా ప్రాకారం ఒకసారి నెమ్మదిగా తిరగండి. కొన్ని చోట్ల రంగు పొడిలా ఊడిపోతోంది, భుజం తగలనివ్వకండి. ఆవరణలో పెంచే నక్షత్ర తాబేళ్లకు మీ దగ్గరున్న బిస్కెట్లు వేయవద్దు.

అక్కడి నుంచి గార మీదుగా శాలిహుండం. వంశధార దక్షిణపు ఒడ్డున ఉన్న ఈ కొండను 1919లో గుర్తించింది గిడుగు వెంకట రామమూర్తి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగే ఈయన, శాసనాలు చదవడంలోనూ దిట్ట. కొండ పొడవునా మెట్లెక్కుతూ పోతే ఒక్కో అంచెలో ఒక కట్టడం వస్తుంది: స్తూపాలు, చైత్యగృహాలు, పైన ఇటుకలతో కట్టిన పెద్ద స్తూపం.

తొట్లకొండలో గుర్తు పెట్టుకోమన్నది ఇక్కడ తీస్తున్నాం. శాలిహుండంలో బుద్ధుడి విగ్రహాలే కాదు, తార, మారీచి లాంటి వజ్రయాన (తర్వాతి కాలపు బౌద్ధశాఖ) దేవతల శిల్పాలు దొరికాయి. అంటే స్తూపమొక్కటే చాలనుకున్న కాలం నుంచి దేవతల గుంపు దాకా వచ్చిన శతాబ్దాల మార్పంతా మీ మూడు రోజుల దారిలో పడి ఉంది. ఈ శిల్పాలున్న చిన్న మ్యూజియం తెరిచే రోజు, వేళ ముందుగా కనుక్కోండి. ఇది కేంద్ర పురావస్తు శాఖ అధీనంలో ఉన్న స్థలం, ఆ శాఖ మ్యూజియాలు మామూలుగా శుక్రవారం మూసి ఉంటాయి. మూడో రోజు శుక్రవారం పడకుండా చూసుకోవాలి.

పైన నీడ తక్కువ, గాలి ఎక్కువ. నది, దాని అవతల పొలాలు, దూరాన సముద్రపు గీత కనిపిస్తాయి. పదకొండున్నరకల్లా, గొడుగుంటే మరో అరగంట ఉండి, దిగి కళింగపట్నం వెళ్లండి. ఒకప్పటి రేవు అది, ఇప్పుడు దీపస్తంభం, దర్గా, వెడల్పాటి ఇసుక తీరం మిగిలాయి. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్లలో అస్సలు దిగవద్దు. పోటు ఆటుగా మారే వేళ నది నీరు, సముద్రం నీరు కలిసి లాగుతాయి, కాలి కింద ఇసుక గంట గంటకూ మారుతుంది. మొగ దగ్గర కాక ఊరి వైపు తీరంలో కూర్చోండి. చలికాలంలో తేగలు, వేసవిలో తాటిముంజలు దారి పక్కనే అమ్ముతారు.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు శాలిహుండం ఎక్కలేకపోతే ఆ పూట ముఖలింగం పెట్టుకోవచ్చు. శ్రీకాకుళం నుంచి 45 కిలోమీటర్ల పైచిలుకు, తీరం మీద కాదు, వంశధార ఎగువన. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం అదే అంటారు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు నేల మీదే ఉన్నాయి, ఎక్కాల్సిన పని లేదు. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే మాత్రం రెండిటికీ న్యాయం జరగదు.

అనకాపల్లి దగ్గరి శంకరం, అంటే బొజ్జన్నకొండ, లింగాలకొండ, ఈ దారికి సరిగ్గా ఎదురు వైపు ఉన్నాయి. విశాఖ నుంచి సుమారు 40 కిలోమీటర్లు. కొండరాయినే వరసలు వరసలుగా స్తూపాలు చెక్కిన చోటు అది, తొట్లకొండ ఇటుక కట్టడాలకు పూర్తిగా భిన్నం. హైదరాబాదు లేదా విజయవాడ వైపు నుంచి కారులో వస్తున్నవాళ్లు విశాఖలో అడుగు పెట్టకముందే దారిలో చూసేస్తే ఒక పూట ఆదా.

రైల్లో తిరిగి వెళ్లేవాళ్లు ఒక పొరపాటు చేస్తుంటారు. శ్రీకాకుళం ఊళ్లో స్టేషను లేదు. టికెట్టు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉండేది ఆమదాలవలస స్టేషను, ఊరి నుంచి సుమారు 13 కిలోమీటర్లు. కళింగపట్నం నుంచి అక్కడికి గంటన్నర పెట్టుకోవాలి. రైలు సాయంత్రం ఆరింటికైతే నాలుగింటికే ఒడ్డు నుంచి లేవండి.